ఎదురొచ్చేవాళ్ళ కళ్ళు

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నాక మా బాతెల్‌లో సాయంత్రం అనేది ఉండదు. మధ్యాహ్నం అయిపోయిందంటే రాత్రే. డిసెంబరులో నాలుగుంబావు దాటీ దాటగానే పొద్దు గూకుతుంది. మళ్ళీ ఎనిమిది కావస్తుంటే గాని తెల్లారదు. పిల్లల్ని బస్సెక్కించేదీ చీకట్లోనే, ఆఫీసు నించి ఇల్లు చేరేదీ చీకట్లోనే. దానికి తోడు వాన. తడిసిన తారురోడ్డు అద్దంలాంటిది. మన లైటు వెలుగుని మన వైపు తిప్పకుండా ముందుకి, ఎదుటివాళ్ళ మొహం మీదికి జారవిడుస్తుంది. అందుకే వానరాత్రి మనకి గీతలు కూడా కనపడవు.

మా పాత కారు 2010 మోడలు. ఆస్టిన్‌లో ఉన్నప్పుడు ఆరేళ్ళు టెక్సాస్ ఎండలో ఆరుబయట నిలబడింది. ఈ రోజుల్లో హెడ్‌లైటు మీద ఉండేది గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్కు. దాని మీద ఒక పల్చటి పూత ఉంటుంది. ఎండకి ఆ పూత పాడయ్యాక ప్లాస్టిక్కు పసుపుపచ్చగా మారి, మసకబారుతుంది. టెక్సాస్‌లో వీధిదీపాల కింద తిరిగినంతకాలం నాకది పట్టలేదు. బాతెల్ వచ్చాక మొదటి చలికాలమే తెలిసొచ్చింది. లైట్లు వేసినా వేయనట్టే ఉండేది.

అప్పుడు మనందరం చేసే పనే నేనూ చేశాను. ఇంటర్నెట్టులో వెతికి, పాత హాలోజెన్ బల్బుల బదులు అదే సాకెట్లో పట్టే ఎల్ఈడీ బల్బులు తెప్పించాను. "మూడింతల వెలుగు, పది నిమిషాల్లో బిగింపు" అని పెట్టె మీద ఉంది. ఐదు నక్షత్రాల రివ్యూలు వేలల్లో ఉన్నాయి. శనివారం పొద్దున బానెట్ ఎత్తి, కనెక్టరు ఊడదీసి, పాత బల్బుని పావు చుట్టు తిప్పి లాగి, కొత్తది పెట్టి బిగించాను. పది నిమిషాలు కాదుగాని అరగంటలో అయిపోయింది. చీకటి పడ్డాక స్విచ్చి వేస్తే గరాజు తలుపు పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. మా ఆవిడని పిలిచి చూపించాను. "పక్కింటివాళ్ళ పడగ్గదిలోకి కొడుతోంది, ఆర్పండి" అంది. ఆ మాట నాకు మెచ్చుకోలుగానే వినపడింది.

అప్పటికి అమ్మా నాన్నా వచ్చి నెలన్నర అయింది. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఎక్కువకాలం ఒంగోలు-హైదరాబాదు నైట్ సర్వీసే. ఎక్కడున్నా సాయంత్రం నడక మానడు. ఇక్కడ చీకటి పడినా సరే, వాన తగ్గిందంటే ముదురునీలం స్వెట్టరు వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని బయల్దేరతాడు. మా కాలనీలో ఫుట్‌పాత్ ఉంది గాని, కాలనీ దాటితే పాత రోడ్డు. ఒక పక్క ఫర్ చెట్లు, ఇంకో పక్క వాననీళ్ళు పోయే కాలవ, మధ్యలో రెండు లేన్లు. నడిచేవాళ్ళకని వేరే జాగా లేదు.

కొత్త బల్బులు బిగించిన నాలుగో రోజు సాయంత్రం నేను ఆఫీసు నించి వచ్చి కాఫీ తాగుతున్నాను. నాన్న తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, ఒక చేతికి గీరుకుపోయి రక్తం. అమ్మ కంగారుగా వేణ్ణీళ్ళు తెచ్చింది.

"ఏం లేదే, కాలవలోకి జారాను. ఎవడో వెధవ లారీకి కూడా ఉండని లైట్లు కారుకి కట్టుకుని తిరుగుతున్నాడు. మలుపు తిరిగి మొహం మీద కొట్టేసరికి కళ్ళు బైర్లు కమ్మినై. రోడ్డెక్కడో అంచెక్కడో తెలవలా. ఎందుకైనా మంచిదని పక్కకి అడుగేస్తే అక్కడ నేల్లేదు."

"ఏ మలుపు నాన్నా?" అన్నాను.

"అదేరా, పోస్టు డబ్బాలు దాటినాక, పెద్ద చెట్టు దగ్గర. ఓ పావుగంటైంది."

పావుగంట క్రితం ఆ మలుపు తిరిగింది నేను. నా ముందు కారు లేదు, వెనక కారు లేదు.

"నువ్వు ఏ పక్కన నడుస్తున్నావు?"

"ఎదురొచ్చే బండ్ల పక్కనే. నడిచేవాడికి బండి కనపడాలిగా."

నాన్న నడిచింది సరైన పక్కే. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురొచ్చే బండ్ల వైపు నడవాలని వాషింగ్టన్ చట్టం కూడా చెబుతోంది. అంటే నా కారుకి కుడిచేతి అంచున, నాకు కొన్ని అడుగుల దూరంలో మా నాన్న ఉన్నాడు. నాకు ఎవరూ కనపడలేదు. మూడింతల వెలుగు పెట్టుకుని కన్నతండ్రి పక్కనించి పోయాను, అక్కడొక మనిషున్నాడనే తెలీలేదు. గంటకి 35 మైళ్ళ వేగమంటే కారు సెకనుకి 51 అడుగులు పోతుంది. ఆయన కాలవ వైపు కాకుండా రోడ్డు వైపు అడుగేసి ఉంటే ఏమయ్యేదో మీరూ ఊహించగలరు, నేను రాయను.

భోజనాలయ్యాక చెప్పాను, ఆ వెధవని నేనే అని. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత స్వెట్టరు తొడుక్కుని, "పద, చూద్దాం" అన్నాడు.

డ్రైవ్‌వే మీద కారు ఆన్ చేయించి, తను వీధి అవతలికి పోయి నిలబడ్డాడు. కాసేపు వంగి చూశాడు, కాసేపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తర్వాత నా పక్కన సీట్లో కూర్చుని వీధి పొడుగునా చూశాడు. "వెలుగు ఎక్కువైంది గాని చూపు లేదురా. బానెట్ ముందు ఇరవై అడుగులు పట్టపగల్లా ఉంది. ఆ తర్వాత ఏముందో చెప్పు చూద్దాం" అన్నాడు. చూశాను. నిజంగానే ఏమీ లేదు.

తర్వాత వారం రోజులు దీని గురించి చదివాను. నాన్న చూపుతో చెప్పింది ఆ చదువులో దొరికింది. మా కారుకి పట్టేది హెచ్ 11 అనే హాలోజెన్ బల్బు. 55 వాట్లు, సుమారు 1350 ల్యూమెన్ల వెలుగు. అందులో వెలిగేది కొన్ని మిల్లీమీటర్ల పొడుగుండే ఒక తీగచుట్ట. దాని వెనకున్న మెరిసే గిన్నె, అదే రిఫ్లెక్టరు, ఆ తీగ ఉండే చోటుని లెక్కలోకి తీసుకునే వంపులు తిరిగి ఉంటుంది. గిన్నెలో ఏ వంపు వెలుగుని రోడ్డులో ఏ చోటికి పంపాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఎడమ పక్క, ఎదురొచ్చేవాళ్ళ వైపు, తక్కువ. కుడి అంచుకి, నడిచేవాళ్ళూ బోర్డులూ ఉండేవైపు, ఎక్కువ దూరం. పైన ఒక గీత గీసినట్టు వెలుగు ఆగిపోవాలి. ఆ గీత దాటిందంతా ఎదుటివాళ్ళ కళ్ళలోకే.

ఎల్ఈడీ బల్బులో ఆ తీగ ఉండదు. ఒక చదునైన బద్దకి రెండు పక్కలా చిప్పులుంటాయి. వాటి ఆకారం వేరు, వెలుగు బయటికొచ్చే తీరు వేరు. గిన్నె ఎదురుచూసిన చోటినించి వెలుగు రాదు. దాంతో కొంత గీత పైకి చిమ్ముతుంది, కొంత కారు ముందే కుప్పపడుతుంది. దగ్గర్లో వెలుగు అంత ఎక్కువగా ఉంటే మన కంటిపాప ముడుచుకుంటుంది. అప్పుడు దూరాన ఉన్న మసక రూపం, అందులోనూ ముదురునీలం స్వెట్టరు, అసలు కనపడదు. డ్రైవరుకి మాత్రం బ్రహ్మాండంగా కనపడుతున్నట్టే ఉంటుంది.

ఆ రివ్యూల సంగతి అప్పుడర్థమైంది. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్ళందరూ స్టీరింగు వెనక కూర్చున్నవాళ్ళు. ఎదురుగా నిలబడ్డవాళ్ళెవరూ రివ్యూ రాయలేదు.

చట్టం సంగతీ చెప్పాలి. అమెరికాలో బండి లైట్లకి 108వ నంబరు ఫెడరల్ భద్రతా ప్రమాణం ఉంది. హాలోజెన్ కోసం చేసిన హెడ్‌లైటులో ఎల్ఈడీ బల్బు దూర్చి రోడ్డు మీద తిరగడం దాని ప్రకారం కుదరదు. ఇలాంటి బల్బుల పెట్టెల మీద చాలావాటికి "ఆఫ్ రోడ్ యూజ్ ఓన్లీ" అని ఉంటుంది. నా పెట్టె మీదా ఉంది, అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో. కొన్నప్పుడు కనపడలేదు. వాషింగ్టన్‌లో కార్లకి ఏటేటా భద్రతా తనిఖీ లేదు. ఉన్న పొగ పరీక్ష కూడా 2020 జనవరి నించి ఎత్తేశారు. అంటే మన లైట్లు ఎవరూ చూడరు. మనమే చూసుకోవాలి.

కంపెనీయే ఎల్ఈడీ కోసం కట్టి ఇచ్చిన హెడ్‌లైట్లు వేరే సంగతి. వాటికి దోషం లేదు. 2016లో ఇన్సూరెన్సు కంపెనీల హైవే భద్రతా సంస్థ మొదటిసారి హెడ్‌లైట్లకి మార్కులు వేసినప్పుడు 31 మధ్యతరగతి కార్లలో ఒక్కదానికే "గుడ్" వచ్చింది. అది ఎల్ఈడీ లైట్లున్న టయోటా ప్రయస్ వి. అదే కారు హాలోజెన్ లైట్లతో తీసుకుంటే "పూర్". కొత్త కారు కొనేటప్పుడు మనం తెర సైజూ మైలేజీ అడుగుతాం. లైట్ల మార్కులు కూడా చూడండి. ఒకే మోడల్లో ట్రిమ్‌ని బట్టి మారుతుంటాయి. ఇంకో విషయం. హెడ్‌లైటు నేలనించి 22 అంగుళాలకి తగ్గకుండా, 54 అంగుళాలకి మించకుండా ఎక్కడైనా ఉండొచ్చు. పెద్ద పికప్ ట్రక్కు మన వెనక నిలబడితే అద్దం నిండా మంట ఎందుకు కనపడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

నాన్నకి ఈ లెక్కలన్నీ చెబితే నవ్వాడు. "మా రోజుల్లో బండి లైటు పైభాగానికి నల్లరంగు పూసేవాళ్ళు. ఎందుకనుకున్నావు? పైకి పోయే వెలుగు ఎదుటోడి కళ్ళలో పడకూడదని. లారీల వెనక ఏం రాసుంటుంది?"

"యూజ్ డిప్పర్ ఎట్ నైట్."

"మరి?"

పిడుగురాళ్ళ, మిర్యాలగూడ మీదుగా రాత్రంతా పోయే ఆ రోడ్డు అప్పట్లో రెండు బండ్లు తప్పుకోవడానికే కష్టంగా ఉండేదట. ఎదుటి బండి వస్తుంటే ముందు మనం డిప్ కొట్టాలి. వాడు కొట్టకపోతే ఇంకోసారి కొట్టాలి. అప్పటికీ కొట్టకపోతే మనమూ పెద్దలైటు వేసి బుద్ధి చెబుదామనిపిస్తుంది. "అప్పుడేమవుద్ది? ఇద్దరికీ కళ్ళు పోతై. నా వెనక యాభైమంది నిద్రపోతుంటారు. వాడు గుడ్డోడైతే మనకి ఒరిగేదేంటి? ఎదురొచ్చేవాడికి రోడ్డు కనపడితేనేరా మనం బతికేది" అన్నాడు. ఇక్కడి చట్టంలో ఇదే అంకెల్లో ఉంది. వాషింగ్టన్‌లో ఎదురు బండికి 500 అడుగుల దూరంలో ఉండగానే హై బీమ్ దించాలి. ముందు పోతున్న బండికి 300 అడుగుల దగ్గర దించాలి.

ఇక బాగుచేసిన కథ. ముందు ఎల్ఈడీలు పీకేసి పాత హాలోజెన్లే పెట్టాను. అసలు జబ్బు బల్బుది కాదు, పసుపెక్కిన ప్లాస్టిక్కుది. ట్రిపుల్ ఏ వాళ్ళు 2018లో పరీక్ష చేసి, అలా మసకబారిన హెడ్‌లైటులోంచి కొత్తదాని వెలుగులో 20 శాతమే బయటికొస్తుందని చెప్పారు. నేను మందు మార్చాల్సింది పోయి మోతాదు మూడింతలు చేశానన్నమాట. ఉప్పుకాగితంతో రుద్ది, మెరుగుపెట్టి, మళ్ళీ పూత పూసే కిట్లు దొరుకుతాయి. మొదటిదశ పసుపుకి అవి చాలు. మావి లోపల్నించి కూడా పగుళ్ళు తేలిపోయాయి. అందుకని కారు కంపెనీ వాళ్ళు చేసిన హెడ్‌లైట్లే, గిన్నె, ముందుభాగం కలిసి ఉన్నవి, రెండూ కొత్తవి తెప్పించాను.

ఆదివారం గరాజులో నాన్నా నేనూ కూర్చున్నాం. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీశాం. మా కారుకి బంపరు పైభాగం కొంచెం లాగితే గాని హెడ్‌లైటు బయటికి రాదు. ప్లాస్టిక్కు క్లిప్పులు పది, బోల్టులు నాలుగు. క్లిప్పుల్ని బలంతో పీకితే విరుగుతాయి. మధ్య మేకుని పైకి లేపి, తర్వాత మొత్తం లాగాలి. బోల్టులకి పదో నంబరు సాకెట్ కావాలి. ఎవరి గరాజులోనూ కావాల్సినప్పుడు దొరకని వస్తువు అదొక్కటే కదా. నాన్న వెతుకులాట చూసి విసుక్కుని, "పది-పదకొండు పానా లేదా? దాంతో సగం బస్సు విప్పేవాళ్ళం" అన్నాడు. చివరికి సాకెట్ బ్యాటరీ కిందే దొరికింది, ఎన్నాళ్ళ కిందట పడిందో.

కొత్త బల్బు పెట్టేటప్పుడు గాజుని చేత్తో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటినచోట వేడి పోగుపడి బల్బు త్వరగా పోతుంది. గుడ్డతో పట్టుకున్నాం. వెనక రబ్బరు సీలు సరిగ్గా కూర్చుందో లేదో రెండుసార్లు చూశాం. అది వదులైతే లోపలికి తేమ చేరి, ఒక్క బాతెల్ చలికాలానికే కొత్త లైటు కూడా మసకేస్తుంది.

బిగించడంతో పని అయిపోలేదు. గురి పెట్టడం అసలు పని, చాలామంది వదిలేసేదీ అదే. ఒక్క డిగ్రీ పైకి లేచినా 200 అడుగుల దూరంలో వెలుగు మూడున్నర అడుగులు పైకి పోతుంది. అంటే ఎదుటివాళ్ళ టైర్ల మీద పడాల్సింది కళ్ళలో పడుతుంది. మా గరాజు తలుపు మీదే గుర్తులు పెట్టబోతే నాన్న ఆపాడు. మా ఊరంతా గుట్టలు. మా డ్రైవ్‌వే కూడా వీధి వైపు వాలుగా ఉంటుంది. అక్కడ పెట్టిన గురి చదునైన రోడ్డు మీద తప్పవుతుంది. దుకాణాలు మూసేశాక ఒక షాపింగు సెంటరు వెనక చదునైన పార్కింగు వెతుక్కుని, అక్కడి గోడ దగ్గరికి పోయాం.

చేసింది ఇంతే. నాలుగు టైర్లలో గాలి సరిచూసుకున్నాం. డ్రైవరు సీట్లో నేను కూర్చున్నాను, రోజూ ఉండే బరువు ఉండాలి గనక. కారుని గోడకి దగ్గరగా తెచ్చి, ఒక్కో లైటు నడిమధ్యకి ఎదురుగా నాన్న గోడ మీద టేపు అంటించాడు. తర్వాత సరిగ్గా 25 అడుగులు వెనక్కి తెచ్చాం. లో బీమ్ వేసి, ఒక లైటుకి ముందు అట్టముక్క అడ్డం నిలబెట్టి, రెండోదాని వెలుగు పైగీత ఎక్కడ ఆగుతోందో చూశాం. చాలా కార్లకి ఆ గీత టేపు కన్నా 2 అంగుళాలు కిందకి ఉండాలి. మీ కారు మాన్యువల్లో ఏముందో చూసి దాన్నే పాటించండి. హెడ్‌లైటు వెనకుండే స్క్రూని పొడుగాటి స్టార్ స్క్రూడ్రైవరుతో కొంచెం కొంచెం తిప్పితే గీత దిగుతుంది, లేస్తుంది. నాన్న గోడ దగ్గర నిలబడి "ఇంకొద్దిగా దించు... చాలు చాలు, ఎక్కువైంది" అంటుంటే, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన ముందు చిన్నపిల్లాణ్ణయ్యాను.

ఇంటికొచ్చాక ముందు అద్దం లోపలివైపు కూడా తుడిచాం. బయటవైపు వాన కడుగుతుంది. లోపల పేరుకునే సన్నటి పొర మనకి తెలీదు. ఎదుటి లైట్లు పడితే అదే తెల్లటి తెరలా లేస్తుంది.

ఆఖరి పరీక్ష నాన్నే పెట్టాడు. ఆయనకి రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. వయసు మీదపడ్డాక పెద్దవెలుగు పడిన కన్ను మళ్ళీ తేరుకోవడానికి కుర్రవాళ్ళ కన్నా ఎక్కువసేపు పడుతుంది. అందుకే ఆయన కంటికన్నా మంచి కొలబద్ద నాకు దొరకదు. మా కాలనీలో ఫుట్‌పాత్ మీద నిలబడి, నన్ను వీధి చివర్నించి నెమ్మదిగా నడుపుకు రమ్మన్నాడు. ఆయన వేసుకున్నది అదే నీలం స్వెట్టరు. ఈసారి నాకు చాలా దూరంనించే కనపడ్డాడు. ముందు బూట్లు, తర్వాత పంట్లాము, తర్వాత పైకెత్తిన చెయ్యి. వెలుగు ఆయన నడుము దాటి పైకి పోలేదు. కిటికీ దించితే, "ఇప్పుడు నీ మొహం కనపడుతోందిరా" అన్నాడు.

మెరిసే పట్టీలున్న చొక్కా ఒకటి కొనిచ్చాను. "రోడ్లు ఊడ్చేవాడిలా ఉంటాను" అని మొదట్లో ఒప్పుకోలేదు. బాతెల్ గుడిలో తనలాంటి పెద్దాయన ఒకరు అదే వేసుకుని కనపడ్డాక తనూ వేసుకోవడం మొదలుపెట్టాడు. మీ ఇంటికీ అమ్మానాన్నలు చలికాలంలో వస్తుంటే, టికెట్లు కొన్న రోజే ఇదీ కొనండి. వాళ్ళు వచ్చేలోగా ఒక రాత్రి మీ కారు లైట్లు వేసి, దిగి, వందడుగులు ముందుకి నడిచి వెనక్కి తిరిగి చూడండి. అయిదు నిమిషాల పని. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ చేయలేదు.

నాన్న మార్చిలో ఒంగోలు వెళ్ళిపోయాడు. ఆ ఎల్ఈడీ బల్బులు వెనక్కి పంపే గడువు దాటి గరాజు అలమరలో ఉండిపోయాయి. మొన్న ఆఫీసు స్నేహితుడొకడు వాటిని చూసి, "నువ్వు వాడట్లేదుగా, నాకివ్వు, మా కారుకీ ఇవే పడతాయి" అన్నాడు. ఇవ్వలేదు. కాఫీ కలిపి ఇచ్చి, ఈ కథంతా చెప్పాను. వాళ్ళ అత్తగారూ మామగారూ వచ్చే నెలలో దిగుతున్నారట. శనివారం వాళ్ళ కారు తీసుకుని రమ్మన్నాను. అట్టముక్కా, టేపూ, పదో నంబరు సాకెట్టూ సిద్ధంగా పెట్టాను.